మార్కులు సరే... దూరం మాటేమిటి?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం రోజులూ ఏలూరు పవర్‌పేటలో చూసినా, తాడేపల్లిగూడెం బస్టాండు దగ్గర చూసినా నవ్వుతున్న పిల్లల ఫొటోలే. ఒకప్పుడు గోడల మీద రంగుల రాతలు ఉండేవి. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఇప్పుడు వాటికి తోడు ఫోన్లలో స్టేటస్‌లు. ఎక్కడ చూసినా తీరు ఒక్కటే. బడి పేరు అన్నిటికంటే పెద్దది. మార్కులు దానికంటే కాస్త చిన్నవి. పిల్లల పేర్లు మాత్రం కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనిపించవు!

ఆ తర్వాత సన్మాన సభ. శాలువా, జ్ఞాపిక, అట్టముక్క మీద అచ్చేసిన పెద్ద చెక్కు, పక్కన నాయకులు, ఓ ఫొటో. తప్పేం లేదు. పిల్లలు కష్టపడ్డారు, చప్పట్లకు అర్హులే. కన్నవాళ్ల కళ్లు చెమర్చే క్షణమది. కానీ మర్నాడు పొద్దున్న సంగతేమిటి? ఆ గుర్తింపు వల్ల ఆ పిల్లకు ముందు లేని దారి ఏదైనా తెరుచుకుందా? గోడకు మరో మేకు దిగిందా... అంతేనా?

ఈ ప్రశ్న పట్నంలో పెద్దగా బాధించదు. బహుమతి ఇచ్చినా ఇవ్వకపోయినా అక్కడి పిల్లాడు ఇంటర్‌లో చేరతాడు. కొల్లేటి లంకల్లో మాత్రం ఈ ప్రశ్నకు దొరికే జవాబు మీదే కొన్ని బతుకులు ఆధారపడి ఉంటాయి.

పేరు మారింది, తీరు మారలేదు

పదో తరగతి గుర్తింపునకు మన రాష్ట్రంలో చాలా వేషాలున్నాయి. ‘స్కూల్ ఫస్ట్’ వచ్చినవాళ్ల పేర్లు హెడ్మాస్టరు గదిలో చెక్కబోర్డు మీద తెల్లరంగుతో రాయడం పాత పద్ధతి. పాత హైస్కూళ్లలో అలాంటి బోర్డుల ముందు నిలబడి తాతయ్య పేరు వెతుక్కునే మనవలు ఇప్పటికీ ఉంటారు. ఆ తర్వాత ర్యాంకుల యుగం వచ్చింది. టీవీలో ‘ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు రెండు’ అంటూ హోరెత్తించే ప్రకటనలు ఎవరికి గుర్తులేవు! ఆ పరుగు తగ్గించాలని 2012 నుంచి మార్కుల బదులు గ్రేడ్లు ఇచ్చారు. అప్పుడు ‘పదికి పది’ ప్రకటనలు మొదలయ్యాయి. 2022లో మళ్లీ మార్కులు వచ్చాయి. వాటితోపాటే ర్యాంకుల ప్రచారం చేస్తే కఠిన చర్యలు తప్పవన్న హెచ్చరికా వచ్చింది. సీబీఎస్ఈ అయితే మెరిట్ జాబితా ప్రకటించడమే మానేసింది.

ప్రభుత్వ పురస్కారాలదీ ఇదే కథ. అబ్దుల్ కలాం పేరుతో ఉన్న ప్రతిభా పురస్కారాల పేరు మారుస్తూ 2019 నవంబరులో ఉత్తర్వు వచ్చింది. విమర్శలు రాగానే వెంటనే రద్దయింది. 2023లో ‘ఆణిముత్యాలు’ అన్నారు. 2025లో ‘షైనింగ్ స్టార్స్’ అన్నారు. ఏ పేరుతో ఇచ్చినా అందుకున్న పిల్లలకు ఆనందమే. కాకపోతే వీటన్నిటిలోనూ కనిపించే లక్షణం ఒకటుంది. పందెం అయిపోయాక, గెలిచినవాళ్లకు ఒక్కసారి ఇచ్చే బహుమతులివి. పందెం మధ్యలో అలసిపోయి ఆగిపోబోయేవాళ్లను ఇవి చేరలేవు.

లంకలో బడి... గట్టు అవతల హైస్కూలు

కొల్లేరు అంటే పట్నవాసులకు పెలికాన్ పక్షులు, చేపల పులుసు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. అక్కడి పిల్లలకు మాత్రం కొల్లేరు అంటే బడికి వెళ్లే దారి! బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మోసుకొచ్చిన నీళ్లన్నీ ఈ సరస్సులో చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి పోవాలి. అవి పోయేదాకా లంకల చుట్టూ నీళ్లే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ మునిగిన సంగతి దేశమంతా చూసింది. ఆ నీళ్లే తర్వాత కొల్లేటికి చేరి లంకల దారులు ముంచేశాయి. పెద్ద వరద వచ్చిన ఏడే కాదు, గట్టి వాన కురిసిన ప్రతి ఏడూ లంకల్లో చదువుకు గండి పడుతుంది.

చిన్న లంకల్లో ప్రాథమిక పాఠశాల వరకే ఉంటుంది. హైస్కూలు చదువుకు గట్టు దాటాలి. దోనె మీదో, పడవ మీదో, బురద రోడ్డు మీదో. పిల్లలు బడి మానేసేది ఎక్కువగా ఈ మలుపులోనే. పైగా ఎనిమిదో తరగతి పూర్తయ్యేసరికి పిల్లాడి చేతులకు వల లాగే బలం వస్తుంది. చేపల చెరువు మీద, రొయ్యల షెడ్డులో కూలి దొరుకుతుంది. ఆడపిల్ల అయితే ఇంట్లో సంబంధాల మాట మెల్లగా మొదలవుతుంది.

ఇక్కడి జీవనం కూడా నిలకడైనది కాదు. 1999లో కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరి అంతర్జాతీయ గుర్తింపు పొందింది. 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సుకు అది ఊపిరి. చెరువుల మీద ఆధారపడిన కుటుంబాల్లో చాలామందికి మాత్రం పని వెతుక్కుంటూ ఊరు దాటాల్సిన పరిస్థితి. అలాంటి ఇంట్లో ‘మా వాడు ఎనిమిది పాసయ్యాడు’ అంటే సంతోషంతోపాటు ఒక లెక్క కూడా ఉంటుంది. ఇంకా చదివించాలా, పనికి పంపాలా?

సరిగ్గా ఆ లెక్క దగ్గరే ఒక పరీక్ష ఉంది.

నెలకు వెయ్యి... నాలుగేళ్లు

దాని పేరు నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. అంత పొడవు పేరు ఎవరూ పలకరు. టీచర్లు ‘ఎన్‌ఎంఎంఎస్’ అంటారు. 2008లో కేంద్రం మొదలుపెట్టింది. ఉద్దేశం దాచుకోలేదు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసే పేదపిల్లలను ఇంటర్ దాకా నడిపించడం. దేశం మొత్తం మీద ఏటా లక్ష మందికి ఇస్తారు. ఆంధ్రప్రదేశ్ వాటా 4,087.

ఎంపికైన పిల్లలకు తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా సంవత్సరానికి 12,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో పడతాయి. అంటే నెలకు వెయ్యి. నాలుగేళ్లకు 48,000. పట్నంలో ఓ మోస్తరు ట్యూషన్ ఫీజుకు కూడా చాలని డబ్బు. లంకలో అది పిల్లాడి బస్సు ఛార్జీ, పుస్తకాలు, ఓ జత చెప్పులు, ఓ గొడుగు. అన్నిటికీ మించి, సంబంధాల మాట ఎత్తిన పెద్దలకు అమ్మాయి చెప్పగలిగే జవాబు. ‘బడి మానేస్తే గవర్నమెంటు డబ్బులు ఆగిపోతాయి నాన్నా!’

ఆరువందల మార్కులు తెచ్చుకున్న పిల్లకు కప్పే శాలువాకూ, ఎనిమిదిలో ఉన్న పిల్లకు వచ్చే ఈ వెయ్యి రూపాయలకూ తేడా ఇదే. మొదటిది అయిపోయిన పనికి మెప్పు. రెండోది జరగాల్సిన పనికి ఊతం.

ఎవరు రాయవచ్చు? ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదువుతున్నవాళ్లు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీలకు 50 చాలు. ఇంటి వార్షికాదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. వసతి, భోజనం ప్రభుత్వమే చూసే గురుకులాల పిల్లలకు, ప్రైవేటు బడుల పిల్లలకు అవకాశం లేదు. పరీక్షలో రెండు భాగాలు. ఒకటి ఆలోచనాశక్తిని చూసే 90 ప్రశ్నలు. రెండోది ఏడు, ఎనిమిది తరగతుల లెక్కలు, సైన్సు, సాంఘిక శాస్త్రాల నుంచి మరో 90. తెలుగులోనూ రాయొచ్చు.

ఇంత మంచి పథకంలో పిల్లలు ఎక్కడ జారిపోతారు? లెక్కల్లో కంటే కాగితాల్లో! ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బడి రిజిస్టర్‌లో మరోలా. ఆదాయ ధ్రువపత్రం సమయానికి చేతికి రాకపోవడం. బ్యాంకు ఖాతాకు ఆధార్ జతకాకపోవడం. మరో ముఖ్యమైన సంగతి చాలామందికి తెలియదు. ఒకసారి ఎంపికైతే నాలుగేళ్లూ వాటంతటవే డబ్బులు రావు. ఏటా జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేయించాలి. పదో తరగతి అయ్యాక బడి మారి కాలేజీకి వెళ్లినప్పుడు ఆ సంగతి మరిచిపోతే, కష్టపడి గెలుచుకున్న స్కాలర్‌షిప్ మధ్యలోనే ఆగిపోతుంది. సన్మాన సభలో ఇవ్వాల్సిన ఉపన్యాసం నిజానికి ఇదీ!

ఇరవై నాలుగు మార్కుల మర్మం

ఎనిమిదిలో దొరికిన ఊతంతో పది దాకా వచ్చిన పిల్లకు రెండో తలుపు నూజివీడులో ఉంది. రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం అంటే ఎవరికీ చప్పున వెలగదు. ‘నూజివీడు ట్రిపుల్ ఐటీ’ అంటే పల్లెటూరి ముసలవ్వకు కూడా తెలుసు. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ఒకేసారి మొదలైంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు మామిడితోటల నూజివీడు, కొల్లేటి ఒడ్డు కైకలూరు రెండూ ఏలూరు జిల్లాలోకి వచ్చాయి.

ఈ ట్రిపుల్ ఐటీలో సీటుకు ఎంసెట్ అక్కర్లేదు, కోచింగ్ అక్కర్లేదు. పదో తరగతి మార్కులే కొలమానం. కరోనా వల్ల పది పరీక్షలు జరగని 2020, 2021ల్లో మాత్రం ప్రవేశపరీక్ష పెట్టారు. సీటు వస్తే ఆరేళ్ల చదువు. రెండేళ్లు ఇంటర్‌తో సమానం, నాలుగేళ్లు ఇంజినీరింగ్. ఉండటం, తినడం అక్కడే.

మొదటి ఛాన్స్‌లర్‌గా వచ్చినవారు ప్రొఫెసర్ రాజ్‌రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో రైతుబిడ్డగా పుట్టి, ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో కంప్యూటర్ రంగంలో నోబెల్ అంతటిదనే ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. పల్లెటూరి బడి నుంచి వచ్చిన పిల్లాడికి ఏం కావాలో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఇక ఈ ప్రవేశాల్లో ఉన్న అసలు విశేషం. గురుకులాలు కాని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు మొత్తం మార్కుల్లో 4 శాతం కలుపుతారు. 600కు 24 మార్కులన్నమాట. గ్రేడ్లున్న రోజుల్లో ఇది 0.4 పాయింట్లుగా ఉండేది. లంక నుంచి జడ్పీ హైస్కూలుకు వచ్చి చదివిన అమ్మాయికి 560 వచ్చాయనుకుందాం. ఏసీ గదుల బడిలో చదివిన అబ్బాయికి 580. ఇరవై నాలుగు కలిపితే అమ్మాయి లెక్క 584. సీటు అమ్మాయికి!

‘ఇది అన్యాయం కాదా? మార్కులు మార్కులే కదా’ అని అడిగేవాళ్లుంటారు. ప్రైవేటు బడిలో చదివించడానికి అప్పు చేసిన తండ్రికి ఆ ప్రశ్న రావడం సహజం. ఆయన బాధనూ తీసిపారేయలేం. కానీ ఓ పరుగు పందెం ఊహించుకోండి. ఒకరు గీత దగ్గర నుంచి బయల్దేరారు. ఇంకొకరు మోకాలి లోతు నీళ్లలో నడిచొచ్చి, తడిసిన కాళ్లతో అదే గీత మీద నిలబడ్డారు. ఇద్దరూ చివరికి కాస్త తేడాతో చేరితే ఎవరి కాళ్లలో ఎక్కువ సత్తువుంది? ఆ నాలుగు శాతం దయతో వేసిన భిక్ష కాదు. మార్కుల జాబితాలో కనిపించని దూరాన్ని అంకెల్లోకి తెచ్చే ప్రయత్నం.

అలాగని ఆ లెక్క సంపూర్ణమూ కాదు. బడి ఎదురింట్లో ఉండే పిల్లాడికీ అవే ఇరవై నాలుగు, పడవెక్కి వచ్చే పిల్లకూ అవే ఇరవై నాలుగు. లంక దూరం కొలిచే టేపు ఇంకా ఎవరూ తయారుచేయలేదు.

మూడోసారికి పాసైన మేధావి

గుర్తింపును మార్కులతోనే కొలిస్తే ఏం పోగొట్టుకుంటామో చెప్పడానికి కొల్లేటికి దగ్గరలోనే ఓ జీవితముంది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. వైద్యం చదివేటప్పుడు ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ఆచార్యుడికి కోపం వచ్చింది. ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ అనే తక్కువ స్థాయి పట్టా చేతికొచ్చింది. ఆ రోజుల కొలమానంతో చూస్తే సన్మాన సభకు పిలవదగ్గ విద్యార్థి కాదు!

అయినా మామగారు డబ్బు సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేయూతనిచ్చింది. సత్యలింగ నాయకర్ రంగూన్‌లో సంపాదించిన సొమ్మును చదువులకు రాసిచ్చిన దాత. ఆ సాయంతో సుబ్బారావు 1920ల్లో అమెరికా చేరి, హార్వర్డ్‌లో పరిశోధన చేశారు. శరీరానికి శక్తినిచ్చే ఏటీపీ మీద పనిచేశారు. ఆయన నేతృత్వంలో ఫోలిక్ ఆమ్లం తయారీ, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ వెలుగు చూశాయి. మరో మందు ఉంది. బోదకాలుకు ఇచ్చే డీఈసీ. ఒకప్పుడు గోదావరి డెల్టాలో ఊరూరా కనిపించిన జబ్బు బోదకాలు. మెట్రిక్ తప్పిన కుర్రాడు తన గడ్డ మనుషుల కాళ్లకు మందు పంపించాడు. 1948లో కన్నుమూశారు. 1995లో శతజయంతికి ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది.

ట్రిపుల్ ఐటీ నిబంధనల ప్రకారం పదో తరగతి మొదటి ప్రయత్నంలోనే పాసవ్వాలి. అంటే ఇవాళ సుబ్బారావు దరఖాస్తు పెట్టుకున్నా సీటు రాదు. నిబంధనలు అవసరమే, కాదనలేం. అందుకే ప్రభుత్వ నిబంధన ఆగిపోయిన చోట ఊరు, బంధువులు, ధర్మసంస్థలు ముందుకు రావాలి. కాకినాడలో ఆనాడు జరిగింది అదే.

గూడెం గడప దాకా

మూడో తలుపు తాడేపల్లిగూడెంలో. ఉల్లిపాయల మార్కెట్‌కు పేరుపడ్డ ఆ ఊళ్లో 2015లో ఎన్ఐటీ ఆంధ్రప్రదేశ్ మొదలైంది. అందులో సగం సీట్లు మన రాష్ట్ర విద్యార్థులకే. కొల్లేటి గట్టు నుంచి బస్సు దూరం. కానీ సీటు కావాలంటే ఇంటర్ పూర్తిచేసి జేఈఈ మెయిన్ రాయాలి. ఎనిమిదిలోనో పదిలోనో ఆగిపోయిన పిల్లకు ఆ బస్సు దూరమే సముద్రమంత.

అక్కడి ఫీజు విని భయపడి వెనక్కి తగ్గేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. ఎన్ఐటీల్లో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. ఏడాదికి లక్ష లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకూ లేదు. లక్ష నుంచి ఐదు లక్షల దాకా ఉన్నవాళ్లు మూడో వంతు కడితే చాలు. ఇదీ ఓ రకం గుర్తింపే. దీనికి శాలువా ఉండదు, ఫొటో ఉండదు, అంతే.

తగ్గిపోయిన తలుపులూ ఉన్నాయి. 1960ల్లో మొదలై పదో తరగతి ప్రతిభావంతులను వెతికిపట్టిన నేషనల్ టాలెంట్ సెర్చ్ పరీక్ష 2021 తర్వాత నిలిచిపోయింది. అందుకే ఉన్న తలుపుల విలువ ఇంకా పెరిగింది.

ఇంట్లో ఏం చేయాలి?

మీ ఇంట్లో, మీ పనిమనిషి ఇంట్లో, మీ చేను చూసే పాలేరు ఇంట్లో ప్రభుత్వ బడిలో ఏడో తరగతి చదివే పిల్లలుంటే ఇప్పుడే ఆధార్‌లో, బడి రిజిస్టర్‌లో పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో చూడమనండి. ఎనిమిదిలోకి రాగానే ఎన్‌ఎంఎంఎస్ దరఖాస్తు ఎప్పుడని హెడ్మాస్టరును అడగమనండి. దరఖాస్తు బడి ద్వారానే వెళ్తుంది కాబట్టి ఆ ఒక్క ప్రశ్న చాలు, పని మొదలవుతుంది. పది పాసైన పిల్ల ఉంటే ట్రిపుల్ ఐటీ ప్రకటన కోసం ఓ కన్నేసి ఉంచండి. ఆన్‌లైన్ దరఖాస్తు నింపడం ఇంట్లో ఎవరికీ రాకపోతే, వీధిలో ఇంజినీరింగ్ చదివే కుర్రాడికి అది పావుగంట పని.

ఊళ్లో సన్మాన సభలు పెట్టే పెద్దలకూ ఓ మాట. ఈసారి శాలువాల ఖర్చులో కొంత పక్కన పెట్టి, లంక నుంచి వచ్చే పిల్లలకు వానాకాలం నాలుగు నెలలు హైస్కూలు ఉన్న ఊళ్లోనే ఓ గది, రెండు పూటలా భోజనం ఏర్పాటు చేయొచ్చు. బడి తరఫున ఇచ్చే బహుమతుల్లో ఫస్టు, సెకండుతోపాటు ‘ఎక్కువ దూరం నుంచి వచ్చి తక్కువ రోజులు మానేసినవారు’ అని ఒకటి చేర్చొచ్చు. దానికి పైసా ఎక్కువ అవదు. హాజరు పట్టీ తీస్తే ఆ పేరు అందులోనే ఉంటుంది.